అచ్చు పుస్తకమా, పీడీఎఫ్ ఫైలా, పూర్తి ఆన్‌లైనా: మన నర్సింగ్ జర్నల్‌కు ఏది మేలు?

కర్నూలులో మేం కొందరు నర్సింగ్ టీచర్లం కలిసి ఒక చిన్న పరిశోధన పత్రిక నడుపుతున్నాం. ఆరు నెలలకోసారి అచ్చవుతుంది. దాన్ని ఇక ఎలక్ట్రానిక్‌గా తేవాలా వద్దా అని మా మధ్య గట్టిగానే వాదన నడుస్తోంది. అనంతపురం, కడప కాలేజీల వాళ్లూ ఇదే అడుగుతున్నారు కాబట్టి నా అభిప్రాయం ఇక్కడ పెడుతున్నాను. నా ఓటు ఆన్‌లైన్‌కే, అయితే ఆన్‌లైన్ అంటూ ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఊహించుకుంటున్నారు, గొడవంతా అక్కడే వస్తోంది.

ముందు అచ్చు సంగతి. దాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. ద నర్సింగ్ జర్నల్ ఆఫ్ ఇండియా 1910 నుంచి వస్తోంది, ఆ కాలపు సంచిక ఏ లైబ్రరీలోనైనా మిగిలి ఉంటే ఇవాళ కూడా తెరిచి చదువుకోవచ్చు, దానికి కరెంటూ పాస్‌వర్డూ అక్కర్లేదు. కడప బ్రౌన్ లైబ్రరీలో తాళపత్రాలు చూసినవాళ్లకు మన్నిక అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఎం.ఎస్సీ. చదివే అమ్మాయి తన పేరు మొదటిసారి అచ్చులో చూసుకుని ఇంట్లో వాళ్లకు చూపించుకునే సంతోషం కూడా చిన్నదేం కాదు.

కానీ చదివేదెవరు? కాపీలు వెళ్లేది ప్రిన్సిపాళ్ల గదులకు, లైబ్రరీ బీరువాలకు. కర్నూలు పెద్దాసుపత్రికి గద్వాల నుంచి, రాయచూరు నుంచి కూడా రోగులు వస్తారు. ఆ వార్డుల్లో నైట్ డ్యూటీ చేసే సిస్టర్‌కు మన పత్రిక ఒకటుందని కూడా తెలియదు, తెలిసినా ఆ వేళకు బీరువాకు తాళం పడి ఉంటుంది. పరిశోధన ఎవరి పని కోసం చేశామో వాళ్ల చేతికే అందకపోతే ఇంత కష్టపడి అచ్చు వేయడం ఎందుకు?

ఇంకో సంగతి, అచ్చు ఖర్చు తగ్గించడానికి ఫొటోలన్నీ నలుపు తెలుపులో వేస్తాం. మంచాన పడ్డ రోగికి ఒత్తిడి వల్ల వచ్చే పుండు, అంటే బెడ్ సోర్, మొదటి దశలో చర్మం చిట్లదు, ఎర్రబడుతుందంతే, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు కూడా సరిగా కనిపించదు, చుట్టుపక్కల చర్మంతో పోల్చి రంగు తేడా చూడాలి, వేడి, గట్టిదనం తాకి పట్టుకోవాలి. మన ప్రాంతపు రోగుల ఒంటి మీద అదెలా ఉంటుందో రంగుల్లో చూపించే వ్యాసానికి ఎంత విలువ ఉంటుందో ఆలోచించండి. బూడిదరంగు మచ్చలా అచ్చయ్యే ఫొటోతో ఎవరికీ ఏమీ తెలియదు.

ఇక రెండో దారి, చాలామంది మొగ్గేది దీనికే: ప్రెస్‌కు పంపిన ఫైల్‌నే పీడీఎఫ్ చేసి కాలేజీ సైట్‌లో పెట్టేయడం. చవక, ఒక్క పూటలో అయిపోతుంది. నేను మాత్రం దీనికి ఒప్పుకోను. రెండు కాలమ్‌ల ఏ4 పేజీని ఫోన్‌లో పెద్దది చేసుకుంటూ, అటూ ఇటూ జరుపుకుంటూ డ్యూటీ మధ్యలో ఎవరు చదువుతారు? పైగా సంచిక మొత్తం ఒకే ఫైల్‌గా పెడితే, పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ అందులోని వ్యాసాలను విడివిడిగా గుర్తించలేదు. దానికి ప్రతి వ్యాసానికీ వేరే లింకు ఉండాలి, ఫైల్ 5 ఎంబీ దాటకూడదు. పేజీలను ఫొటోల్లా స్కాన్ చేసి పెడితే ఇంకా అన్యాయం, అందులో ఒక్క మాట కూడా వెతకలేం, చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ అది అందదు.

మూడోది పూర్తి ఆన్‌లైన్ పత్రిక. ఇది మనమేదో కొత్తగా చేస్తున్న ప్రయోగం కాదు, అమెరికాలో సిగ్మా థెటా టౌ అనే నర్సుల సంస్థ 1993లోనే ఎలక్ట్రానిక్ నర్సింగ్ జర్నల్ మొదలుపెట్టింది. ఇప్పుడు ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. వ్యాసం అందిన దగ్గర్నుంచి దాని మంచిచెడ్డలు చూసే సమీక్షకులకు పంపడం, వాళ్ల అభిప్రాయాలు తెప్పించడం, దిద్దడం, ప్రచురించడం దాకా అన్నీ అందులోనే. వ్యాసాన్ని ఫోన్ తెరకు సర్దుకునే మామూలు వెబ్ పేజీగా పెట్టాలి, పీడీఎఫ్ దాని పక్కన ఉంటుంది. పేజీల లెక్క ఉండదు కాబట్టి ప్రతి వ్యాసానికీ తెలుగులో సారాంశం ఇవ్వొచ్చు, నాకైతే ఇదొక్కటి చాలు.

తప్పు దిద్దుకునే వీలు కూడా ఇందులోనే ఎక్కువ. మందు మోతాదులో ఒక దశాంశ బిందువు జారిపోయిందనుకోండి, అచ్చులో తర్వాతి సంచికలో సవరణ వేస్తాం, మొదటిది చదివినవాళ్లు అది చూస్తారన్న నమ్మకం లేదు. ఆన్‌లైన్‌లో ఆ వ్యాసం మీదే సవరణ కనిపిస్తుంది. అయితే గుట్టుగా మార్చేయకూడదు, ఏ తేదీన ఏం మార్చామో అక్కడే రాయాలి.

"ఆన్‌లైన్ అంటే డబ్బు కట్టి వేయించుకునేదేగా" అనే మాట స్టాఫ్ రూముల్లో తరచూ వింటాం. ఆ భయం నిజమైనదే, మూడు రోజుల్లో ప్రచురిస్తాం అంటూ మన పిల్లలకు వచ్చే మెయిళ్లు నేనూ చూశాను. నమ్మదగ్గ పత్రికలంటూ యూజీసీ ఇచ్చే కేర్ జాబితా కూడా 2025లో పోయింది కాబట్టి ఇక దాన్ని చూపించి నమ్మించలేం. సంపాదకులెవరు, సమీక్ష ఎలా జరిగింది, వ్యాసం ఎప్పుడు అందింది, ఎప్పుడు ఆమోదించాం, రుసుము ఉందా లేదా, ఇవన్నీ సైట్‌లో అందరికీ కనబడేలా పెట్టడమే మార్గం. సమీక్షకు పంపే ఫైల్ ప్రాపర్టీస్‌లో, అంటే ఫైల్ లోపల దాగుండే వివరాల్లో, రచయిత పేరు ఉండిపోతుంది, అదీ తీసేయాలి, లేకపోతే పేరు దాచి సమీక్ష చేయించామని చెప్పుకోవడంలో అర్థం లేదు. అన్నీ మేమే చూసుకుంటాం అనే ప్రైవేటు పబ్లిషర్లకు అప్పగించే దారి కూడా ఉంది కానీ, చదివేవాళ్ల దగ్గరో రాసేవాళ్ల దగ్గరో డబ్బు వసూలు చేస్తారు కాబట్టి దాని జోలికి వెళ్లొద్దనే అంటాను.

నాకు అన్నిటికంటే టెన్షన్ రోగుల గురించే. కొన్ని వందల కాపీల పత్రికలో ఫలానా మండలం, ఫలానా వయసు, ఫలానా జబ్బు అని రాస్తే ఎవరూ పట్టించుకోకపోవచ్చు. అదే నెట్‌లో ఉంటే ఆ ఊరివాళ్లు ఎవరో ఒకరు వెతికి పట్టుకుంటారు. హెచ్ఐవీ, గర్భస్రావం, ఆత్మహత్యాయత్నం లాంటి కేసుల్లో ఆ ఇంటి పరువు, ఆ మనిషి బతుకు మన చేతుల్లో ఉన్నట్టే. ఊరు పేరు తీసేయాలి, వయసు సుమారుగా చెప్పాలి, కళ్ల మీద నల్ల గీత గీస్తే సరిపోదు, ముఖమే కనబడకూడదు. సమ్మతి పత్రంలో "ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు" అని తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోవాలి.

మన్నిక విషయంలో మాత్రం ఆన్‌లైన్‌ను గుడ్డిగా నమ్మలేం. 2000 నుంచి 2019 లోపు 174 ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నళ్లు నెట్ నుంచి మాయమైపోయాయని ఒక అధ్యయనం లెక్క తేల్చింది. మన దగ్గర ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు: సైట్ చూసే మేడమ్‌కు ట్రాన్స్‌ఫర్ అవుతుంది, డొమైన్ (సైట్ చిరునామా) ఆవిడ సొంత మెయిల్ మీద ఉంటుంది, రెన్యువల్ ఎవరికీ గుర్తుండదు. అందుకే డొమైన్ సంస్థ పేరు మీదే ఉండాలి, పాస్‌వర్డ్‌లు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ వాడే పత్రికల కోసమే ఉన్న, వ్యాసాల నకళ్లు భద్రపరిచే నెట్‌వర్క్‌లో చేరాలి. ఏడాదికోసారి అన్ని వ్యాసాలూ కలిపి కొన్ని కాపీలు అచ్చు వేసి, బైండ్ చేయించి మూడు జిల్లాల లైబ్రరీలకు ఇద్దాం. అచ్చును నేను వదులుకోమనడం లేదు, దాని పని ఇకపై భద్రపరచడం వరకే అంటున్నాను.

ఈ-ఐఎస్ఎస్ఎన్, అంటే ఆన్‌లైన్ పత్రికకు ఇచ్చే గుర్తింపు నంబరు, వేరుగా తీసుకోవాలి, అచ్చు నంబరు దీనికి పనికిరాదు. ఢిల్లీలోని జాతీయ కేంద్రం దాన్ని ఉచితంగానే ఇస్తుంది. పాత సంచికల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు, ఆ రచయితలూ ఆ రోగులూ ఒప్పుకున్నది అచ్చుకే. రచయితలను ఒక్కొక్కరినే అడిగి, రోగుల వివరాలు మళ్లీ జల్లెడ పట్టి, ఆ తర్వాత ఒక్కో వ్యాసంగా ఎక్కిద్దాం.