టేమర్ లేన్‌లో చిన్న పత్రికల ఇల్లు

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేశారు. 1974లో ఆయన కవిత ఒకటి చిన్న తెలుగు పత్రికలో అచ్చయింది. ఆ సంచిక కోసం ఒక పెద్ద లైబ్రరీలో అడిగితే, అలాంటి పలుచటి పత్రికలు ఎప్పుడో తూకానికి వేసేశామన్నారు. ఆ మాటకి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. కలకత్తాలో ఇలాంటి చిన్న పత్రికల (లిటిల్ మ్యాగజీన్ల) కోసమే ఒక లైబ్రరీ ఉందని విన్నప్పుడు, నాన్న కవిత అక్కడ దొరకదని తెలిసీ వెళ్ళాను.

అది 2014 చలికాలం. హౌరాలో లోకల్ దిగి, కాలేజ్ స్ట్రీట్ దాకా బస్సులో వెళ్ళి, పుస్తకాల కొట్లు దాటి సందులోకి తిరిగాను. 18/ఎం, టేమర్ లేన్. సందీప్ దత్తా గారి ఇల్లే లైబ్రరీ. 1972లో, విద్యార్థిగా ఉండగా, నేషనల్ లైబ్రరీలో చిన్న పత్రికలు పారేయడానికి కుప్పపోసి ఉండటం చూశారట. దానికి నిరసనగా తన దగ్గరున్న పత్రికలతో ఇంట్లోనే ప్రదర్శన పెట్టి, 1978లో లైబ్రరీ తెరిచారు. స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూనే ఇదంతా చేశారు.

నేను మొదట అడిగింది ‘కృత్తిబాస్’ అనే బెంగాలీ కవితా పత్రిక పాత సంచికలు. 1953లో అది మొదలైనప్పుడు సంపాదకుల్లో ఒకరైన బెంగాలీ రచయిత సునీల్ గంగోపాధ్యాయకి ఇంకా పంతొమ్మిదేళ్ళు నిండలేదు. తర్వాత ‘హంగ్రీ’ కవుల గురించి, అంటే సంప్రదాయం మీద తిరగబడ్డ బెంగాలీ కవుల బృందం గురించి అడిగాను. 1961లో మొదలైన వాళ్ళ బులెటిన్లు చాలావరకు ఒంటి కాగితాలే. 1964లో వాళ్ళలో కొందరిని అరెస్టు చేశారు. మరుసటి ఏడే హైదరాబాద్‌లో మన దిగంబర కవులు తమ మొదటి సంపుటిని రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. సంపుటి అయితే ఎవరో ఒకరి బీరువాలో మిగులుతుంది. ఒంటి కాగితాన్ని ఎవరు దాస్తారు?

కానీ ఆ సాయంత్రం నన్ను కదలనివ్వనిది వీటిల్లో ఏదీ కాదు. మా ఖరగ్‌పూర్ ఉన్న మేదినీపూర్ వైపు నుంచి వచ్చిన పదహారు పేజీల పత్రిక. పిన్నులు తుప్పు పట్టాయి, అట్ట ఊడింది. లోపల కవుల పేర్ల కింద వాళ్ళ అడ్రసులు, ఐదేసి రూపాయలు ఇచ్చినవాళ్ళ జాబితా, అచ్చుతప్పులకు క్షమాపణ. వెనక అట్ట మీద ఒక మిఠాయి కొట్టు, ఒక దర్జీ షాపు ప్రకటనలు. పత్రిక ఎలా బతికిందో కవితల కంటే ఈ అట్టే బాగా చెప్పింది. కవితల్ని తర్వాత ఎవరైనా పుస్తకంగా వేస్తారు, దర్జీ ప్రకటనని వెయ్యరు కదా. అందుకే సంచికని సంచికగానే దాచాలి. ఈ లైబ్రరీ చేసిన పని అదే.

బెంగాలీ చదవడం రాకపోతే వచ్చినవాళ్ళని వెంట తీసుకెళ్ళండి. ఒక్క పూట ఏ మూలకీ చాలదు. సందీప్ గారు 2023 మార్చిలో పోయారు కాబట్టి, ఇప్పుడు వెళ్ళేవాళ్ళు ముందుగా కనుక్కుని బయల్దేరండి.

ఆ వెనక అట్టని అక్షరం వదలకుండా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాత్రి ఇంటికొచ్చి చదివి వినిపిస్తే, దర్జీ పేరు దగ్గర నాన్న ఆపమన్నారు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఆ దర్జీ దగ్గరే తన పెళ్ళి చొక్కా కుట్టించుకున్నారట.