ట్రాక్ ఎలాగూ తవ్వుతున్నారు, మరి వీధి ఎలా ఉండాలి? సెయింట్ క్లెయిర్ పద్ధతా, రాన్సెస్‌వేల్స్ పద్ధతా?

టొరంటోలో స్ట్రీట్‌కార్ (రోడ్డులోని పట్టాల మీద పోయే ట్రామ్ బండి) నడిచే వీధుల్లో ఉంటున్న మనవాళ్ళు ఈమధ్య పదే పదే ఒకటే అడుగుతున్నారు. "మా వీధిలో ట్రాక్ మారుస్తారట, అభిప్రాయం చెప్పమంటున్నారు. సెయింట్ క్లెయిర్ వీధిలోలా మధ్యలో ప్రత్యేక దారి అడగాలా, రాన్సెస్‌వేల్స్ వీధిలోలా స్టాపుల దగ్గర ఫుట్‌పాత్ పెంచమని అడగాలా?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుంది.

దీన్ని మామూలు మరమ్మతు అనుకుని వదిలేయకండి. 1990ల నుంచి ఇక్కడ ట్రాక్‌ని పొరలుపొరలుగా కాంక్రీటులో వేస్తున్నారు. పట్టాలు అరిగిపోతే పై పొర పగలగొట్టి మారుస్తారు, అడుగు పునాది అలాగే ఉంటుంది. అలా వేసింది పాతికేళ్ళ పైచిలుకు నిలుస్తుంది. అడుగున పాత నీళ్ళ పైపులు, మురుగు పైపులు ఉంటే వీలైనంతవరకు అదే ఊపులో అవీ మార్చేస్తారు. అంటే ఇప్పుడు ఫుట్‌పాత్ అంచు ఎక్కడ పోస్తే, మీ పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా అది అక్కడే ఉంటుంది.

ముందు సెయింట్ క్లెయిర్ సంగతి. అక్కడ ట్రాక్ మార్చాల్సిన సమయం వచ్చినప్పుడు, పాతది తీసి అలాగే వేయకుండా రోడ్డు మధ్యలో ఎత్తుగా స్ట్రీట్‌కార్‌కి మాత్రమే దారి కట్టారు. 2005లో గొడవ కోర్టుకెక్కి పని ఆగింది, మరుసటి ఏడు తీర్పు మారి మళ్ళీ కదిలింది, 2010లో మొత్తం లైన్ పూర్తయింది. నిజానికి 1913లో ఆ లైన్ మొదలైనప్పుడూ మధ్యలో ప్రత్యేక దారే ఉండేది, తర్వాత తీసేశారు. ఇప్పుడు దాంతో పెద్ద లాభం, బండి టైముకి వస్తుందన్న నమ్మకం. ఎదురుగా ఎడమకు తిరగడానికి ఆగిన కారు ఉండదు, అడ్డంగా పెట్టిన డెలివరీ వ్యాన్ ఉండదు. రోజూ ఆఫీసుకు దాని మీదే వెళ్ళేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

కానీ దానికి చోటు కావాలి. సెయింట్ క్లెయిర్ మామూలు వీధులకన్నా బాగా వెడల్పు, అయినా కొన్నిచోట్ల ఫుట్‌పాత్ కుంచించుకుపోయింది. టొరంటో పాత ప్రధాన వీధుల్లో చాలావాటికి ఈ గోడ నుంచి ఆ గోడకు 66 అడుగులే, అంటే 20 మీటర్లు. అందులో మధ్య దారికే చోటు పోతే మిగిలేదాంట్లో నడిచేవాళ్ళకు, చెట్లకు, సరుకు దించే బండికి చోటెక్కడ?

రాన్సెస్‌వేల్స్ దాదాపు ఆ కొలతల వీధే. 2009 నుంచి 2011 దాకా పైపులు, ట్రాక్, ఫుట్‌పాత్ అన్నీ మార్చారు. అన్నాళ్ళూ దుకాణాలవాళ్ళు పడ్డ కష్టం తక్కువేం కాదు. అక్కడ ప్రత్యేక దారి వేయలేదు. స్టాప్ ఉన్నచోట ఫుట్‌పాత్‌నే ముందుకు జరిపి ట్రాక్ దాకా తెచ్చారు. మిగతాచోట్ల ఆ జాగాలో పార్కింగ్ ఉంటుంది. సైకిల్ మీద వచ్చేవాళ్ళు స్టాప్ దగ్గర చిన్న వాలు ఎక్కి ప్లాట్‌ఫామ్ మీదుగానే పోతారు. బండి తలుపులు తెరుచుకుని ఉంటే వాళ్ళు ఆగాలి.

నా దృష్టిలో అసలు విషయం వేగం కాదు. బండి ఎక్కేటప్పుడు మనిషి కాలు ఎక్కడ పెడుతున్నాడన్నది.

ఇక్కడి పాత పద్ధతి స్టాప్ ఎలా ఉంటుందో తెలిసిందే. ఫుట్‌పాత్ మీద నిలబడతాం. బండి రోడ్డు మధ్యలో ఆగుతుంది. మనం రోడ్డు మీదికి దిగి, కార్లు వచ్చే లేన్ దాటి వెళ్ళి ఎక్కాలి. తలుపులు తెరిచి ఉన్నప్పుడు వెనక వచ్చే కారు రెండు మీటర్ల దూరంలో ఆగాలని ఒంటారియో చట్టం. అందరూ ఆగరు. మా అత్తయ్యగారు వచ్చినప్పుడు ఒక జనవరి సాయంత్రం అలాంటి స్టాపులో నిలబడ్డాం. మంచు తీసే బండి వెళ్ళాక అంచు వెంబడి మోకాలెత్తు మంచు కట్ట మిగిలింది. ఆవిడ ఒక చేత్తో నా భుజం, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆ కట్ట ఎక్కి దిగేలోపు ఒక కారు మా ముందునుంచి దూసుకుపోయింది. ఆ చెయ్యి వణకడం నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ఆవిడ ఒంటరిగా బయటికి వెళ్తానని అనలేదు.

అదే ఆవిడ రాన్సెస్‌వేల్స్‌లో నా చెయ్యి పట్టుకోకుండా ఎక్కారు. ప్లాట్‌ఫామ్ నుంచి బండిలోకి ఒక్క చిన్న అడుగు. ఆ వీధి పూర్తయ్యేనాటికి ఇంకా మెట్లున్న పాత బండ్లే తిరుగుతున్నాయి. 2014లో మెట్లు లేని కొత్త బండ్లు రావడం మొదలయ్యాక ఆ ప్లాట్‌ఫామ్ విలువేంటో బాగా తెలిసింది. వీల్‌చైర్ వాళ్ళు రెండో తలుపు దగ్గర నీలం బటన్ నొక్కితే ర్యాంప్ వస్తుంది. ఎత్తు ప్లాట్‌ఫామ్ ఉంటే పొట్టి ర్యాంప్ చాలు, రోడ్డు మీదికైతే పొడవుగా, ఏటవాలుగా దించాలి. పిల్లల బండి తోసుకొచ్చేవాళ్ళకూ ఇదే తేడా.

సెయింట్ క్లెయిర్‌లోనూ ప్లాట్‌ఫామ్ ఉంది కదా అంటారు. ఉంది, రోడ్డు మధ్యలో. ఎటువెళ్ళాలన్నా సిగ్నల్ దగ్గర సగం రోడ్డు దాటాలి. బండి వచ్చేస్తుంటే, సిగ్నల్ ఎర్రగా ఉంటే, జనం ఏం చేస్తారో మీకు తెలుసు. రెండువైపులా కార్లు పోతుండగా ఆ సన్నటి దిమ్మె మీద చలిగాలిలో నిలబడటం ఒకటి, దుకాణం చూరు కింద నిలబడి బండి కనబడ్డాక రెండడుగులు ముందుకేయడం ఒకటి.

రాన్సెస్‌వేల్స్ పద్ధతిలో లోపాలు లేవనను. కార్ల రద్దీలో బండి ఇరుక్కుంటుంది. ముందు కారు ఎడమకు తిరగాలని ఆగితే బండీ ఆగాల్సిందే. దిగేవాళ్ళు తల దించుకుని సైకిల్ దారిలోకి అడుగేస్తారు, సైకిల్‌వాళ్ళలో అందరూ ఆగరు. అయినా సైకిల్ తగలడానికీ కారు తగలడానికీ చాలా తేడా ఉంది. మీ వీధి బాగా వెడల్పయితే, రద్దీ విపరీతంగా ఉంటే మధ్య దారి అడగండి, తప్పులేదు. 66 అడుగుల వీధి అయితే మాత్రం నేను నిస్సందేహంగా ఫుట్‌పాత్ పెంచమనే అడుగుతాను.

కింగ్ స్ట్రీట్ పద్ధతి కూడా కొందరు అడిగారు. 2017 నవంబర్‌లో బాథర్స్ట్ వీధి నుంచి జార్విస్ వీధి దాకా కార్లు నేరుగా పోకుండా కట్టడి చేసి, 2019లో శాశ్వతం చేశారు. మంచిదే, కానీ అది డౌన్‌టౌన్ రద్దీకి తగ్గ మందు, ప్రతి వీధికీ సరిపోదు. ఉన్నదాన్ని ఉన్నట్టే మళ్ళీ వేయడం నాలుగోది. చవక, త్వరగా అయిపోతుంది, ఇంకో పాతికేళ్ళు అదే మంచు కట్ట.

అభిప్రాయం రాసే ముందు, అడిగినవాళ్ళు ఇచ్చిన డిజైన్ బొమ్మలు ఒకసారి చూడండి. తరచుగా రెండు స్టాపుల మధ్య వీధి ఎలా ఉంటుందో చూపిస్తారు. స్టాప్ దగ్గర ఎలా ఉంటుందో బొమ్మ ఇవ్వమని, అందులో ఫుట్‌పాత్ నుంచి బండి తలుపు దాకా ఎంత దూరమో, ఎంత ఎత్తు తేడానో రాయమని అడగండి. ట్రాక్ డిజైన్ ఖరారయ్యాక అంచు జరపమంటే కుదరదంటారు, అందుకని ఇప్పుడే అడగండి.