హెపటైటిస్-బి టీకా: టైటర్ చూశాకే నమ్మండి

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో, కవిటి, సోంపేట వైపు ఊళ్లలో డయాలసిస్ అంటే ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాలా డయాలసిస్‌లో ఉన్నవాళ్ల రక్తం యంత్రంలోకి వెళ్లి వస్తుంది కాబట్టి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి సోకే ముప్పు మాకు ఎక్కువని, టీకా తప్పనిసరని సెంటర్‌లో మొదటి రోజే చెప్తారు. అవన్నీ మళ్లీ రాయను. కొన్నేళ్లుగా ఈ టీకా వేయించుకుంటున్నవాడిగా నాకు ఇందులో బాగా నచ్చిన విషయం ఒక్కటే. ఇది మన ఒంట్లో పనిచేసిందో లేదో రక్తపరీక్షలో అంకెగా కనిపిస్తుంది. ఆ వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు రక్తంలో ఎంతున్నాయో చెప్పే ఆ అంకెని యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ అంటారు. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే రక్షణ ఉన్నట్టు. కరోనా టీకాల మీద మా ఊళ్లో ఎన్ని వాదనలు జరిగాయో! పనిచేసిందన్నవాడి చేతిలోనూ, దండగన్నవాడి చేతిలోనూ ఒక్క కాగితం లేదు. దీనికి కాగితం ఉంది.

ఆ కాగితమే మొదట నన్ను ఏడిపించింది. మొదటి కోర్సు అందరికీ వేసినట్టే వేశారు: ఒకటి, నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. ఊళ్లోనే, తెలిసినాయన దగ్గరే వేయించుకున్నాను. టైటర్ అనే మాట ఎవరూ ఎత్తలేదు. సెంటర్‌కి కొత్తగా వచ్చిన సిస్టర్ అడిగితే రక్తం విశాఖపట్నం పంపించాం. రిపోర్టులో 4 అని ఉంది.

పక్క మంచం మీదుండే తాత ఒకాయన అది విని, "ఏటి బాబూ, మూడు సూదులేసినా నాలుగేనా? డబ్బు తగలేశావు" అన్నారు. సాయంత్రానికి ఆ మాట సెంటరంతా పాకింది. రెండో డోసు వేయించుకోవాల్సిన ఇద్దరు మానేశారు. నాకు టీకా మీద కంటే ఆ మానెయ్యడం మీదే ఎక్కువ బాధేసింది. వాళ్లకి ఏమైనా అయితే నా రిపోర్టు వల్లే కదా అని టెన్షన్.

తర్వాత వచ్చిన కిడ్నీ డాక్టరు గారు మూడు ప్రశ్నలు వేశారు. ఎంత డోసు వేశారు? 20 మైక్రోగ్రాములు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి 40 వెయ్యాలట, అదీ నాలుగుసార్లు: మొదటి రోజు, ఒకటో నెల, రెండో నెల, ఆరో నెల. కిడ్నీలు పాడైన ఒంట్లో రోగనిరోధక శక్తి మందగిస్తుంది కాబట్టి మామూలు డోసు చాలదు. ఎక్కడ వేశారు? పిరుదు మీద. ఇది భుజం కండకే వెయ్యాలి, పిరుదు మీద కొవ్వులోకి పోతే సరిగా పట్టదు. మందు ఎలా తెచ్చుకున్నారు? షాపువాళ్లు ఐసుముక్కల్లో పెట్టి ఇచ్చారు. ఇది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి గానీ గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు. మూడింటిలో ఏది దెబ్బతీసిందో ఆయన కూడా తేల్చి చెప్పలేదు. ఒక్క మాట మాత్రం అన్నారు: "టీకా ఓడిపోయిందనే ముందు, దాన్ని సరిగా వేశారో లేదో చూడాలి."

రెండో కోర్సు సెంటర్‌లోనే, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) లేని చేతికి, 40 చొప్పున. చివరి డోసు అయిన నెల దాటాక టైటర్ 160 వచ్చింది. రిపోర్టు పట్టుకెళ్లి తాతకి చూపించాను. రెండుసార్లు చదివించుకుని, "అయితే నాకూ రాయించు" అన్నారు.

అంత బాగుందా అంటే, ఏడాది తిరిగేసరికి 38కి దిగింది. ఆ తర్వాతి పరీక్షలో 10 కంటే తగ్గింది, బూస్టర్ వేశారు. ఫార్మసీ చదివే మా మేనల్లుడు "అంకె పడిపోయినా ఒంటికి జ్ఞాపకం ఉంటుంది మావయ్యా, బూస్టర్ ఎందుకు?" అని వాదించాడు. ఆరోగ్యంగా ఉన్న వాడి విషయంలో అది నిజమే. డయాలసిస్‌లో ఉన్నవాళ్లం ఆ జ్ఞాపకాన్ని నమ్ముకోకూడదు, ఏటా టైటర్ చూసుకోవాలి. ఇంకో సంగతి, మా బావకి రెండు కోర్సులూ పద్ధతిగా వేసినా 10కి చేరలేదు. కొందరికి అంతే. పైగా హెపటైటిస్-సికి ఇప్పటికీ టీకా లేదు. టైటర్ ఎంతున్నా సిస్టర్ గ్లవ్స్ మార్చిందో లేదో నేను చూస్తూనే ఉంటాను.

ఒకప్పుడు విదేశాల నుంచే వచ్చే ఖరీదైన టీకా ఇది. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలో తయారు చేశాకే మామూలు జనానికి అందింది. టీకా అందింది గానీ టైటర్ ఇంకా అందలేదు. ఆ రక్తం విశాఖ దాకా ఎందుకు వెళ్లాలి? ఉద్దానంలో ఇంతమంది డయాలసిస్ మీద బతుకుతుంటే, టీకా వేసే చోటే ఆ పరీక్ష కూడా ఉండాలి.

నా వరకు ఇది వేయించుకోవాల్సిన టీకానే, ఏటా పరీక్ష చేయించుకునే ఓపిక ఉంటే. నాకు జబ్బు బయటపడేసరికే డయాలసిస్ దాకా వచ్చేసింది. క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే అంకె) ఇప్పుడిప్పుడే పెరుగుతున్నవాళ్లు అంతదాకా ఆగొద్దు, ముందే వేయిస్తే బాగా పడుతుంది. డోసు మాత్రం మీ డాక్టరునే అడగండి, నా లెక్క మీకు సరిపోకపోవచ్చు. మా తమ్ముడికి క్రియాటినిన్ 2 దాటింది, మొన్ననే మొదటి డోసు వేయించాం. వాడి టైటర్ వచ్చాక మళ్లీ రాస్తాను.