సూర్యాపేట పెళ్ళికి మాట్లాడుకున్న బస్సులు

మా తమ్ముడి పెళ్ళి మాఘమాసంలో సూర్యాపేటలో జరిగింది. మగపెళ్ళివారిగా మేము హైదరాబాద్ నుంచి తరలివెళ్ళాలి. మా చుట్టాలు మియాపూర్, కూకట్‌పల్లి మొదలుకొని మల్కాజిగిరి, వనస్థలిపురం దాకా నగరమంతటా ఉన్నారు. వారందరినీ రాత్రి ముహూర్తానికి ముందే విడిదికి చేర్చి, పెళ్ళయ్యాక భద్రంగా తిరిగి తీసుకువచ్చే పనిని చైతన్యపురిలోని ఒక ట్రావెల్స్‌కు అప్పగించాము. ఒక ఏసీ బస్సు, రెండు టెంపో ట్రావెలర్లు, పెళ్ళికొడుకుకూ అమ్మానాన్నలకూ ఒక ఇన్నోవా మాట్లాడుకున్నాము. పుస్తెమట్టెలు, పెళ్ళికూతురి పట్టుచీరల పెట్టె ఇన్నోవాలోనే ఉండాలని అమ్మ ముందే షరతు పెట్టింది. వారి సేవ నాకు చాలావరకు తృప్తినిచ్చింది, లోట్లు కూడా లేకపోలేదు.

బుకింగ్‌కు వెళ్ళినప్పుడు అక్కడి సూపర్‌వైజర్ మొదట అడిగింది తిరుగు ప్రయాణం గురించే. “పోయేటప్పుడు అందరూ కలిసే పోతారు సార్, వచ్చేటప్పుడే ఎవరి తొందర వాళ్ళది” అన్నారాయన. ఎవరు ఎక్కడ ఎక్కుతారు, ఎవరు అక్షింతలు వేసి భోజనం కాగానే బయలుదేరతారు, ఎవరు అప్పగింతల దాకా ఉంటారు అన్నది పేర్లతో, ఫోన్ నంబర్లతో రాసి ఇమ్మన్నారు. ఆ జాబితా తయారుచేయడానికి ఎంతోమందికి ఫోన్లు చేయవలసి వచ్చింది కానీ, ఆ రాత్రి దాని విలువ తెలిసింది. మరునాడు పిల్లలకు పరీక్షలున్నవారు, ఉదయం షిఫ్టుకు వెళ్ళవలసినవారు ఒక టెంపోలో ముందుగా బయలుదేరారు. మిగిలినవారు మంగళసూత్రధారణ నుంచి అప్పగింతల వరకు గడియారం చూసుకోకుండా కూర్చోగలిగారు. గతంలో మా బంధువుల పెళ్ళిళ్ళలో, ఒక్కరి తొందర కోసం బస్సంతా కదలడమో, ఒక్కరి కోసం బస్సంతా ఆగడమో చూసిన నాకు ఈ ఒక్క ఏర్పాటే డబ్బుకు న్యాయం చేసినట్లనిపించింది.

నగరంలో మనుషులను ఎక్కించుకునే విషయంలోనూ వారి సలహా బాగుంది. బస్సు ప్రతి కాలనీకి తిరిగితే ఎల్బీనగర్ చేరేసరికే సగం పూట గడుస్తుంది. అందుకని కూకట్‌పల్లి వైపు ఉన్న కుర్రవాళ్ళను మెట్రోలో రమ్మన్నారు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వరకు సుమారు 29 కిలోమీటర్ల ఎర్ర లైన్ నేరుగా ఉంది కాబట్టి, వారు రైలు మారే పని లేకుండా వచ్చి ఎల్బీనగర్‌లో బస్సెక్కారు. పెద్దవాళ్ళకూ సామాన్లకూ మాత్రం ఒక టెంపోను కూకట్‌పల్లి పంపి, అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ చుట్టి పెద్ద అంబర్‌పేట వద్ద విజయవాడ హైవేలోకి దింపారు. కిలోమీటర్లు పెరిగాయి, అయినా అమీర్‌పేట, కోఠి, దిల్‌సుఖ్‌నగర్ సిగ్నళ్ళలో మా పెద్దమ్మ మోకాళ్ళ నొప్పితో కూర్చోవలసిన అవసరం తప్పింది.

నాకు అన్నిటికంటే నచ్చినది డ్రైవర్ల నిద్ర విషయంలో వారి పట్టుదల. కొటేషన్ కాగితంలోనే, విడిదిలో డ్రైవర్లకు పడుకోవడానికి గది, వేళకు భోజనం మేమే ఏర్పాటు చేయాలని రాసి ఉంది. తెల్లవారుజామున నకిరేకల్, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా తిరిగి రావాలి. కళ్ళు మూతలు పడేది సరిగ్గా ఆ వేళలోనే. పెళ్ళిరోజు సాయంత్రం మా బంధువు ఒకాయన, బస్సు ఊరికే ఉందికదా అని, పూలదండలు తీసుకురావడానికి డ్రైవర్‌ను లేపబోయారు. ఆ డ్రైవర్ లేచి కూర్చొని, “ఇప్పుడు పడుకోకుంటే పొద్దున బండి తోలలేను పెద్దాయనా, ఆటో పిలిపిస్తాను” అని మెల్లగా చెప్పి, నిజంగానే ఫోన్ చేసి ఆటో పిలిపించి మళ్ళీ చాప మీద పడుకున్నాడు. మా వాళ్ళలో కొందరికి అది మర్యాద తక్కువగా తోచింది. నాకు మాత్రం అతని మీద గౌరవం కలిగింది. నలభై మంది ప్రాణాలు చేతిలో పెట్టుకున్న మనిషిని పెళ్ళి పనులకు తిప్పడం మనం మానుకోవాలి.

కాగితాల సంగతి అడిగితే విసుక్కోకుండా బండి నంబర్లు ఇచ్చారు. ఎంపరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, బీమా, పర్మిట్ గడువులు నేనే చూసుకున్నాను. పెళ్ళి తెలంగాణలోనే కాబట్టి పర్మిట్ చిక్కు రాలేదు. కోదాడ దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళే పెళ్ళివారు మాత్రం ఆ బండికి అక్కడి పర్మిట్ గానీ అఖిల భారత టూరిస్ట్ పర్మిట్ గానీ ఉందో లేదో తప్పక అడగాలి.

ఇక లోట్లు. రెండో టెంపోకు పైన క్యారియర్ లేదు. సూట్‌కేసులు, స్వీటు డబ్బాలు నడిచే దారిలో పేర్చవలసి వచ్చింది. అత్యవసర ద్వారం దాకా సామాను చేరడం ప్రమాదమని నేను పట్టుబట్టాక, ఎల్బీనగర్‌లో బస్సు డిక్కీలోకి మార్చారు. ఆ పని ముందే చేసి ఉండవలసింది. బస్సులో వెనుక వరుసలకు ఏసీ సరిగా అందలేదు. బిల్లులోనూ ఒక పేచీ వచ్చింది. కిలోమీటర్లను మేము ఎక్కిన చోటు నుంచి కాకుండా గ్యారేజీ నుంచి గ్యారేజీ దాకా లెక్కగట్టారు. ఈ రంగంలో అది మామూలే అయినా, కొటేషన్‌లో డ్రైవర్ బత్తా, పంతంగి, కొర్లపహాడ్ టోల్ రుసుముల గురించి రాసినవారు ఈ మాట రాయలేదు. అడిగితే కొంత తగ్గించారు.

రెండు మూడు విడతలుగా తిరిగి రావలసిన పెద్ద బృందానికి ఈ ట్రావెల్స్‌ను నేను ధైర్యంగా సూచిస్తాను. మాఘ ఫాల్గుణాలలో, వైశాఖంలో మంచి ముహూర్తాలకు బండ్లు దొరకడం కష్టం కాబట్టి లగ్నపత్రిక రాసుకున్న వెంటనే మాట్లాడుకోవడం మేలు. ఒకే చోట ఎక్కి, అందరూ ఒకేసారి తిరిగి వచ్చేటట్లయితే ఇంత ఏర్పాటు అక్కరలేదు. దగ్గరలోని ఆర్టీసీ డిపోకు వెళ్తే పెళ్ళిళ్ళకు బస్సులు అద్దెకు ఇస్తారు, ముందుగా అక్కడ అడిగి చూడండి.