జీతం బాకీ పెడితే ఏ గుమ్మం ఎక్కాలి: లాయరా, లేబర్ ఆఫీసా, లోక్ అదాలత్తా?

పదకొండేళ్లు పేరోల్ సీట్లో కూర్చున్నాను. ఉద్యోగం మానేసినవాళ్ల లెక్క తేల్చడం, ఆఫీసు భాషలో 'ఎఫ్ అండ్ ఎఫ్', నా పని. "అతనిది కొన్నాళ్లు ఆపండి" అని పైనుంచి మాట వస్తే ఆపిన చెయ్యి కూడా నాదే. ఆ పాపం మూలానో ఏమో, ఆ సీటు వదిలేశాక చుట్టుపక్కల ఎవరికి జీతం ఆగినా ఫోన్ నాకే వస్తుంది.

ఈమధ్య ఒకే వారంలో రెండు ఫోన్లు వచ్చాయి. ఒకటి మా పెద్దమ్మ కొడుకుది. మేడ్చల్ వైపు ఒక గోడౌన్‌లో కాంట్రాక్టరు కింద పని, నెలకు 19,000. రెండు నెలల జీతం ఇవ్వకుండానే కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడం మానేశాడు. రెండోది మా పక్క ఫ్లాట్ అమ్మాయిది. మాదాపూర్‌లో టీమ్ లీడ్, నెలకు 95,000. ఆరేళ్లు చేసి రాజీనామా ఇస్తే చివరి నెల జీతం, గ్రాట్యుటీ ఆపేశారు, రిలీవింగ్ లెటర్ కూడా ఇవ్వలేదు. ఇద్దరూ అడిగింది ఒకటే. "లాయర్ని పెట్టుకోవాలా అక్కా" అని వాడు, "ఆంటీ, లీగల్ నోటీస్ పంపిస్తే భయపడతారు కదా" అని ఈ అమ్మాయి.

భయపడతారా? ఆ కాగితాలు అందుకున్న వైపు నుంచి చెబుతాను.

లాయర్ నోటీసు వస్తే లోపల జరిగేది చాలా చిన్న విషయం. ఇన్‌వార్డ్‌లో ముద్ర పడుతుంది, హెచ్ఆర్ దాన్ని స్కాన్ చేసి లీగల్ వాళ్లకు పంపుతుంది. వాళ్ల దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పేరు, తేదీ మార్చి, "మీ క్లయింటు ఆరోపణలన్నీ నిరాధారం" అని పంపేస్తారు. పదిహేను రోజుల గడువు దాటాక ఏం జరుగుతుందో వాళ్లకు తెలుసు. ఎక్కువసార్లు ఏమీ జరగదు. అరవై వేల బాకీ కోసం సివిల్ కోర్టులో దావా వేసి, కోర్టు ఫీజు కట్టి, ఏళ్లపాటు వాయిదాలకు తిరిగేవాళ్లు తక్కువ. ఆ లెక్క కంపెనీ ముందే వేసుకుని ఉంటుంది. "ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు వినే ట్రిబ్యునల్) లాగుతాం" అని నోటీసులో రాయించేవాళ్లున్నారు. దివాలా చట్టం కింద పిటిషన్ వేయాలంటే బాకీ కనీసం కోటి రూపాయలు ఉండాలని 2020లోనే మార్చారు. అది చదివి మా లీగల్ మేనేజరు నవ్వుకునేవాడు.

లేబర్ ఆఫీసు నుంచి కాగితం వస్తే వేరే కథ. అందులో తేదీ, సమయం ఉంటాయి, ఫలానా రిజిస్టర్లు తీసుకుని హాజరు కమ్మని ఉంటుంది. మనిషి వెళ్లాలి. హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు, ఓవర్‌టైమ్ లెక్క పట్టుకెళ్లాలి. ఒకరి ఫైలు కోసం వెళ్తే ఆ అధికారి పక్క పేజీ తిప్పడని నమ్మకం లేదు. ఇంకెంతమందికి కనీస వేతనం తగ్గిందో, రాత్రి షిఫ్టులో ఆడవాళ్లను ఏ అనుమతితో పెట్టారో అడగొచ్చు. నలభై వేలు ఇచ్చేస్తే పోయేదానికి బీరువా మొత్తం తెరుచుకుంటుందేమోనన్న టెన్షన్ అది. మా ఆఫీసులో ఏడాదిగా ఆగిన ఒక సెటిల్‌మెంట్, అలాంటి కాగితం వచ్చిన మర్నాడే పాసయింది. చెక్కు రాయించింది నేనే.

అందుకే జీతం బాకీ మాత్రమే అయితే నా ఓటు లేబర్ ఆఫీసుకే. పైగా ఖర్చు లేదు, లాయరు అవసరం లేదు.

అక్కడా చాలామంది ఒక పొరపాటు చేస్తారు. "నాకు జీతం ఇవ్వలేదు, న్యాయం చేయండి" అని తెల్లకాగితం మీద అర్జీ ఇచ్చి, ఇక పిలుస్తారని ఎదురుచూస్తారు. ఆ అర్జీ మీద అధికారి రెండువైపులా పిలిచి మాట్లాడతాడు, నచ్చజెబుతాడు. ఇచ్చి తీరాలని ఉత్తర్వు వేసే అధికారం ఆ కుర్చీకి ఉండదు. ఆ అధికారం వేతన కోడ్, అంటే జీతాల కొత్త చట్టం, కింద క్లెయిములు వినే అధికారిది. ఆయన ముందు క్లెయిము పిటిషన్ విడిగా వేయాలి. ఏ నెలది ఎంత, ఎప్పుడు ఇవ్వాల్సింది అని పట్టికలా రాసి, కింద మొత్తం వేసి ఇవ్వాలి. అప్పుడు ఆయన బాకీతో పాటు పరిహారం కూడా వేయొచ్చు, బాకీకి పదిరెట్ల దాకా. ఉత్తర్వు వచ్చినా యజమాని కట్టకపోతే వసూలు పత్రం కలెక్టరుకు వెళ్తుంది, భూమిశిస్తు బకాయిలా వసూలు చేస్తారు. జీతం ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సింది కూడా యజమానే, మనం కాదు.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వేతన కోడ్ వాటిలో ఒకటి. పక్క ఫ్లాట్ అమ్మాయికి ఇది పెద్ద తేడా. 1936 నాటి పాత వేతనాల చెల్లింపు చట్టం నెలకు 24,000 లోపు జీతగాళ్లకే వర్తించేది. 95,000 తీసుకునే టీమ్ లీడ్ ఆ గుమ్మం ఎక్కబోతే వెనక్కి పంపేవాళ్లు. కొత్త వేతన కోడ్‌లో ఆ పరిమితి లేదు, 'ఉద్యోగి' అనే మాటలోకి మేనేజర్లు కూడా వస్తారు. రాజీనామా చేసినా, తీసేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. "ఎఫ్ అండ్ ఎఫ్‌కి 45 రోజులు పడుతుంది, అది మా పాలసీ" అని నేనే వందలమందికి మెయిల్ పెట్టాను. జీతం వరకు ఇప్పుడు ఆ పాలసీ చెల్లదు. క్లెయిము వేయడానికి గడువూ ఏడాది నుంచి మూడేళ్లకు పెరిగింది.

గ్రాట్యుటీ దారి వేరు, దానికి ముప్పై రోజుల గడువు. ఆ అమ్మాయికి కంపెనీ వేసిన లెక్క చూశాను. బేసిక్ 38,000, దాన్ని 15తో గుణించి 26తో భాగించి, ఆరేళ్లతో గుణిస్తే 1,31,538. కోడ్‌లలో వేతనానికి ఇచ్చిన కొత్త నిర్వచనం ప్రకారం అలవెన్సులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన ముక్క వేతనంలో కలిసిపోతుంది. అంటే 95,000లో సగం, 47,500 మీద లెక్క కట్టాలి. అప్పుడు 1,64,423. సుమారు 33,000 తేడా. లాయర్ దగ్గరికి పరిగెత్తే ముందు కాగితం, పెన్ను తీసుకుని ఈ లెక్క వేసుకోమన్నాను. ఎంత రావాలో తెలియకుండా వెళ్తే, ఎదుటివాడు చెప్పిన అంకె దగ్గరే బేరం మొదలవుతుంది.

లోక్ అదాలత్ సంగతి. జిల్లా కోర్టు ప్రాంగణంలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. కేసు వేయకముందే అక్కడ అర్జీ పెట్టొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కంపెనీ తర్వాత మాట మార్చడానికి వీల్లేదన్నమాట, మనకూ వీల్లేదు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. లోపం ఒకటే. అటువైపువాళ్లు రానంటే అక్కడితో ఆగిపోతుంది. పరువు చూసుకునే యజమాని, చిన్న ఆసుపత్రి, ప్రైవేటు స్కూలు, ఊళ్లో నలుగురికీ తెలిసిన షాపు అయితే ఇది మేలు. ఎవరో తెలియని కాంట్రాక్టరు మీద దీన్ని నమ్ముకోను.

యూనియన్ ఉన్న ఫ్యాక్టరీలో ఈ చర్చంతా అనవసరం, ముందు వాళ్ల దగ్గరికే వెళ్లండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వమని కొందరు సలహా ఇస్తారు. ఇవ్వొచ్చు, అది చివరికి చేరేది లేబర్ ఆఫీసుకే. కాకపోతే నంబరు పడి వస్తుంది కాబట్టి కింద కదలిక ఉంటుంది. పీఎఫ్ కోసి కట్టకపోతే మాత్రం వీటన్నిటినీ పక్కనపెట్టి ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్‌కే వెళ్లాలి. ఉద్యోగి వాటా కోసుకుని కట్టకపోవడం క్రిమినల్ నేరం కిందికి వస్తుంది. ఆ ఒక్క మాటకు అకౌంట్స్ వాళ్లు నిజంగానే వణుకుతారు.

మరి లాయర్ నోటీసు దండగా? కాదు. డబ్బు కాకుండా కాగితం కావాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఆపి, కొత్త కంపెనీలో చేరకుండా చేసి బేరమాడే చోట లేబర్ ఆఫీసు చేతులు కొంచెం కురచ. దానివల్ల జరిగిన నష్టానికి కోర్టులో పరిహారం అడుగుతామని లాయరు రాస్తే లీగల్ వాళ్లు ఈసారి నిజంగా చదువుతారు. గడువుకు ముందే మానేస్తే డబ్బు కట్టాలన్న బాండ్ గొడవ ఉన్నా లాయర్ దగ్గరికే వెళ్లాలి. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో రెండు లక్షల బాండ్ చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి "బాండ్లు చెల్లవు" అన్న క్యాంటీన్ సలహా నమ్మొద్దు. ఉద్యోగంలోంచి తీసేసిన తగాదా కూడా అంతే. ముందు లేబర్ ఆఫీసులో రాజీ చర్చలు, 45 రోజుల్లో తేలకపోతే ట్రిబ్యునల్, దానికి రెండేళ్ల గడువు. ఆ దారి చట్టం 'వర్కర్' అనేవాళ్లకే, కాబట్టి మనం వర్కరా కాదా అనే చిక్కుముడి ఉంది. సూపర్‌వైజరు పనిలో ఉండి నెల జీతం 18,000 దాటితే ఆ నిర్వచనంలోకి రారు. హోదా పేరు కన్నా రోజూ చేసే పని ఏమిటన్నదే చూస్తారు కాబట్టి వాదించే మనిషి కావాలి.

మా తమ్ముడికి లాయరు వద్దన్నాను. వాడి పిటిషన్‌లో కాంట్రాక్టరుతో పాటు గోడౌన్ కంపెనీని కూడా రెండో ప్రతివాదిగా రాయించాను. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు కంపెనీయే కట్టాలి, ఆ తర్వాత కాంట్రాక్టరు బిల్లులోంచి పట్టుకుంటుందో లేదో వాళ్ల ఇష్టం. వాడి దగ్గర పేస్లిప్ లేదు. గేటు పాసు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పాత నెలల జీతాలు, సూపర్‌వైజరు వాట్సాప్‌లో "రేపు రెండో షిఫ్టుకి రా" అని పెట్టిన మెసేజీలు ప్రింటు తీయించాం. రెండు సెట్లు. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకుని రమ్మన్నాను. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే.

మొదటి వాయిదాకు ఎవరూ రాలేదు. వాడు కొత్త చోట ఒక రోజు జీతం పోగొట్టుకుని, సాయంత్రం నాకు ఫోన్ చేసి తిట్టాడు. తిట్లు పడ్డాను, లేబర్ ఆఫీసు దారిలో అసలు ఖర్చు అలా పోయే రోజు జీతమే మరి. రెండో వాయిదాకు కాంట్రాక్టరు మళ్లీ రాలేదు, గోడౌన్ కంపెనీ మనిషి మాత్రం వచ్చాడు. 38,000 చెక్కు ఇస్తూ "మమ్మల్నెందుకు ఇరికించావు తమ్ముడూ" అన్నాడట.

పక్క ఫ్లాట్ అమ్మాయి రెండు దారులూ వాడింది. లెటర్ కోసం లాయర్ నోటీసు, డబ్బు కోసం క్లెయిము. లెటర్ పన్నెండో రోజున మెయిల్‌లో వచ్చింది. గ్రాట్యుటీ దగ్గర కంపెనీ ఇంకా 38,000 బేసిక్ పట్టుకునే వేలాడుతోంది, వాయిదా వచ్చే గురువారం.