498ఎ కేసా, డీవీసీనా?

భర్త హింస పెడుతున్నాడని స్టేషన్‌కి వెళ్తే మొదట వినిపించేది "సర్దుకుపోమ్మా, పిల్లలున్నారు కదా". తర్వాత కౌన్సెలింగ్. బల్ల మీద ఒక చివర ఆమె, రెండో చివర అతను, చుట్టూ అతని మేనమామలు. ఇలా నాలుగు వాయిదాలయ్యాక ఏ కేసు పెట్టాలన్న ప్రశ్న వస్తుంది.

498ఎ (2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ 85): భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వంపై క్రిమినల్ కేసు. నేరం రుజువైతే మూడేళ్ల దాకా జైలు, జరిమానా.
డీవీసీ (2005 గృహహింస చట్టం కింద వేసే కేసు): ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు, పిల్లల తాత్కాలిక కస్టడీ, కొట్టకుండా రక్షణ ఉత్తర్వు.

ఖర్చు: 498ఎని ప్రభుత్వమే నడుపుతుంది. డీవీసీకి లాయర్ కావాలి, కానీ ఆదాయంతో పనిలేకుండా మహిళలకు లీగల్ సర్వీసెస్ ద్వారా ఉచితంగా ఇస్తారు. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

వేగం: డీవీసీ 60 రోజుల్లో తేల్చాలని చట్టం. జరిగేది వేరే. అందుకే మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలేలోపు ఇచ్చేది) మొదటి రోజే అడగాలి.

రిస్క్: 498ఎలో వెంటనే అరెస్ట్ చేస్తారనుకోవద్దు. అవసరం లేకుండా అరెస్ట్ చేయొద్దన్న 2014 సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు తర్వాత ఎక్కువగా పోలీసు నోటీసుతోనే సరి. నోటీసు అందుకున్న మనిషి ఆ రాత్రి ఇంటికే వస్తాడు.

గాయాలు, కట్నం వేధింపులు ఉంటే 498ఎ. తలదాచుకోను చోటు, నెల ఖర్చు ముందు కావాలంటే డీవీసీ. రెండూ కలిపీ వేయొచ్చు. ప్రాణభయముంటే మాత్రం ముందు 112కి, లేదా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి.