ఫడ్జ్: పంచదార పాకంతోనా, కండెన్స్‌డ్ మిల్క్‌తోనా?

ఫడ్జ్ అంటే పాలు, పంచదారతో చేసే మెత్తటి మిఠాయి. ముందు ఫ్లేవర్ తేల్చుకోండి, పద్ధతి దాన్ని బట్టే ఉంటుంది. చాక్లెట్, జీడిపప్పు, మామిడి అయితే కండెన్స్‌డ్ మిల్క్ చాలు. కాఫీ, యాలకులు, వెనిలాకైతే పాకం ఫడ్జే చేయాలి. చాక్లెట్ అడ్డం లేకుండా ఆ వాసన నేరుగా నాలుకకు తగులుతుంది.

కండెన్స్‌డ్ మిల్క్‌తో పని సులువు. 400 గ్రాముల డబ్బాకు 350 గ్రాముల డార్క్ చాక్లెట్, 30 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు. గిన్నెను వేడినీళ్ల మీద పెట్టి, కరిగేదాకా కలిపి, ట్రేలో పోసి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. నేరుగా మంట మీద పెడితే చాక్లెట్ విరిగి నూనె తేలుతుంది. అప్పుడు చెంచాడు వేడి పాలు పోసి గట్టిగా కలిపితే చాలాసార్లు దారికొస్తుంది. వైట్ చాక్లెట్ అంత బిగుసుకోదు కాబట్టి 450 గ్రాములు వేయాలి. మామిడి గుజ్జును మూడో వంతుకు దగ్గరపడేదాకా ఉడికించాకే కలపండి, నీరు మిగిలితే ముక్క నిలవదు. ఒక్క లోపం: చాక్లెట్‌లోని కొవ్వు, అంటే కోకో బటర్, 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, మన మే నెలలో ఈ ఫడ్జ్ ఫ్రిజ్ దాటి బతకదు.

పాకం ఫడ్జ్‌కు ఓపిక కావాలి. పంచదార 400 గ్రాములు, చిక్కటి పాలు 200 మిల్లీలీటర్లు, లిక్విడ్ గ్లూకోజ్ (చిక్కటి గ్లూకోజ్ పాకం) ఒక పెద్ద చెంచా. అడుగు మందంగా, పాలు పొంగినా చాలేంత లోతుగా ఉన్న గిన్నె తీసుకోండి. పంచదార పూర్తిగా కరిగాకే మరగనివ్వాలి. గిన్నె అంచులకు అంటిన పలుకులను తడి బ్రష్‌తో తుడిచేయాలి. ఒక్క పలుకు పాకంలో పడ్డా దాని చుట్టూ మిగతాదంతా గరుకుగా గడ్డకడుతుంది. పాకం 114 డిగ్రీలకు చేరగానే పొయ్యి మీంచి దించాలి. థర్మామీటర్ లేకపోతే, చన్నీళ్లలో వేసిన చుక్క మెత్తటి ఉండ కావాలి. హైదరాబాద్ ఎత్తులో నీళ్లే 98 దగ్గర మరుగుతాయి కాబట్టి అక్కడ 112కే దించేయండి.

దించాక 60 గ్రాముల వెన్న, యాలకుల పొడి లేదా వెనిలా పైన వేసి వదిలేయండి, కలపొద్దు. కాఫీ అయితే రెండు చెంచాల ఇన్‌స్టంట్ పొడిని మొదట్లోనే పాలలో కలపాలి. గిన్నె అడుగు గోరువెచ్చగా, అంటే 45 డిగ్రీల దగ్గరికి వచ్చాక చెక్క గరిటెతో ఆపకుండా కలపండి. వేడిమీదే కలిపితే పెద్ద పలుకులు కడతాయి. చల్లారాక కలిపితే సన్నటివి లెక్కలేనన్ని పుట్టి నోట్లో వెన్నలా కరుగుతాయి. మెరుపు తగ్గి, గరిటె బరువెక్కగానే ట్రేలోకి వంచేయాలి, ఆలస్యమైతే గిన్నెలోనే బిగుస్తుంది. గరుకుగా వచ్చినా పారేయకండి: అరకప్పు నీళ్లు పోసి కరిగించి, మళ్లీ అదే వేడికి కాచండి.

బెల్లం ఫడ్జ్ కావాలంటే పాకం పద్ధతిలో సగం పంచదారకు బదులు వేయండి. బెల్లం పులుపుకు పాలు విరుగుతాయి, చిటికెడు వంటసోడా వేస్తే ఆ భయం తగ్గుతుంది. పూర్తిగా బెల్లంతోనే చేస్తే మాత్రం ముక్క జిగురుగా ఉండిపోతుంది.